ఎడారి కోట గోడ కింద మా అమ్మ

మా చిన్నతనంలో అమావాస్య వచ్చిందంటే పలుగు ముట్టేవాళ్ళు కాదు... ఆ రోజు మట్టి తవ్వకూడదని మా పాలమూరు మట్టిపని వాళ్ళకు పట్టింపు. అలాంటి ఒక అమావాస్య నాడు మా గుంపంతా ఒంటె బండ్లెక్కి కోట చూడటానికి పోయాం.

నాకు అక్షరం రాదు. జర్మనీలోని కొలోన్‌లో మా అమ్మాయి సుజాత ఇంట్లో ఉంటున్నాను. నేను చెబుతుంటే తను రాస్తోంది. ఈ సంగతి తనకూ ఇంతవరకు చెప్పలేదు... రాస్తూనే వింటోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోను.

అప్పుడు మేము రాజస్థాన్ ఎడారిలో కాలువ తవ్వుతున్నాం. మా నాయిన తవ్వేవాడు, అమ్మ తట్ట మోసేది. నేను గుడిసె దగ్గర తమ్ముణ్ణి ఆడించేదాన్ని. అమ్మ పేరు ఆశమ్మ. ఆ వారం ఆమెకు జ్వరం.

"నువ్వు పండుకో. మేం పోయొస్తం" అన్నాడు నాయిన.

"యాడాది సంది మట్టే జూస్తున్న. ఒక్క దినమన్న రాజుల ఇల్లు జూడనియ్యవా?" అంది అమ్మ.

"రాజు లేడు, ఆయన ఇంట్ల గబ్బిలాలున్నయంట."

"నీకంటె గబ్బిలమే నయం. నోరు మూసుకోని యేలాడుతది."

బండిలో అందరూ నవ్వారు. ఒంటె నడుస్తుంటే బండి ఊగేది... ఎంత సంబరమో.

ఎండ ఎక్కేసరికి చేరాం. చుట్టూ ఇసుక, మధ్యలో పసుపుపచ్చ రాతికోట. లోపల మనిషి లేడు. చీకటి గదులు, ఎండిపోయిన నీళ్ళ తొట్టి, ఇసుక సగం మింగేసిన మెట్లు... పిల్లలం కేకలు పెడితే గోడలు తిరిగి కేకలు పెట్టేవి.

అమ్మ లోపలికి రాలేదు. గోడ నీడన కూర్చుని పైకి చూస్తోంది.

"గింతింత బండలు ఎవలు మోసిండ్రో... ఆళ్ళకు సద్ది ఎవలు గట్టిండ్రో" అంది. నాకు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టింది. తను తినలేదు. నీళ్ళు తాగి గోడకు ఒరిగింది.

మళ్ళీ ఆడుకోవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి నాయిన ఆమె భుజం పట్టి కదుపుతున్నాడు. ఆమె లేవలేదు.

బండివాడు శవాన్ని ఎక్కించుకోనన్నాడు. పొద్దు వాలుతోంది. అక్కడే గోడ పక్కన పెట్టేద్దామన్నారు పెద్దలు. అమావాస్య కదా, మా వెంట పలుగూ లేదు, పారా లేదు... చేతులతో, సద్ది గిన్నెలతో తోడారు. తోడేకొద్దీ ఇసుక జారి గుంత పూడేది. కాలువలు తవ్విన మొగోళ్ళు అంతమంది ఉండి, ఒక్క మనిషికి సరిపడా గుంత నిలబెట్టలేకపోయారు.

తలాపున పెట్టడానికి కిందపడిన రాయి ఒకటి ఇమ్మని నాయిన గేటు దగ్గరి కాపలావాణ్ణి అడిగాడు. సర్కారు కోట, ఇయ్యరాదన్నాడు. కోట నిండా రాళ్ళే... మేము ఆ లోతులేని గుంత మీద ఇసుక కుప్ప పోసి, నీళ్ళకుండ బోర్లించి వచ్చాం.

తర్వాతి అమావాస్యకు అమ్మకు పెట్టడానికి అన్నం పట్టుకుని పోయాం. కుండ లేదు. కుప్ప లేదు. గోడ పక్కనంతా ఇసుక చదునుగా ఉంది... కొంచెం అవతల కొత్త దిబ్బ లేచింది. మాది ఎర్రనేల. మా దగ్గర కుప్ప పోస్తే వానకు అణిగి, గడ్డి మొలిచి అక్కడే ఉంటుంది. ఇసుక కూడా మట్టే అనుకున్నాం. అది నడుస్తుందని మట్టిపని వాళ్ళమైన మాకే తెలియలేదు.

ఈసారి నాయిన పార తెచ్చాడు, అమావాస్య అని కూడా చూడలేదు. అక్కడ తవ్వాడు, ఇక్కడ తవ్వాడు. చివరికి నలుగురు పట్టుకుని బండెక్కించారు.

నేను ఏడ్వలేదు. అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సుజాత ఇప్పుడు కళ్ళు తుడుచుకుంటోంది... నాకు ఏమీ అనిపించడం లేదు. అప్పుడూ అంతే.

మొన్న ఆదివారం వీళ్ళు నన్ను రైన్ నది ఒడ్డున ఒక కోటకు తీసుకుపోయారు. నేను లోపలికి పోలేదు. ముసలిదానికి మొండితనం అనుకున్నారు. కింద చర్చి పక్కన సమాధులున్నాయి, అక్కడ కూర్చున్నాను. ఒక్కొక్కరికీ ఒక రాయి, రాయి మీద పేరు, పూలమొక్కలు... నీళ్ళు పోయడానికి డబ్బాలు కూడా వరసగా తగిలించారు. నేను పోయాక నన్ను ఇట్లాంటి చోటే పెట్టమని అప్పుడే చెప్పాను. సుజాత ఒప్పుకోలేదు. ఇప్పుడూ రాయడం ఆపి అదే అంటోంది.

"యమ్మా, ఈడ మట్టిల పెడితే జాగాకు మీటె, అంటె కిరాయి గట్టాలె. కొన్నేండ్లయినంక తీసేసి ఇంకొకలకు ఇస్తరు. కాలిస్తే బూడిద ఊరికి తీస్కపోయి కృష్ణల కలుపుతం గదా."

"కలిపినంక నేను యాడున్ననో నీకు ఎరుకైతదా?"

సుజాత కలానికి మూత పెట్టింది.

"కొన్నేండ్లన్న ఒక్కకాడ ఉంటగదనే. మా యమ్మకు నెల గూడ దొరకలే."

సుజాత కలం మూత మళ్ళీ తీసింది. తర్వాత, "శ్మశానం ఆఫీసుల టెర్మిన్ తీస్కోని, ఆళ్ళు జెప్పిన దినం పోయి అడిగొస్త" అంది. "బండ మీద ఏం చెక్కియ్యాలె?"

ముందు ఆశమ్మ అని చెక్కించమన్నాను. నా పేరు దాని కింద. పోయాక కూడా, చదవరాకపోయినా, అమ్మ పేరు పైన ఉందో లేదో పక్క సమాధివాళ్ళనైనా అడిగి తెలుసుకుంటాను.

ఇది నా మాట. రేపు ఎవరూ మార్చకుండా మీ అందరి ముందూ పెడుతున్నాను.

ఆ ఎడారిలో ఇప్పుడు మేము తవ్విన కాలువ పారుతోందట... గోధుమ పండుతోందట. చెట్లు పెంచారట. ఇసుక కదలడం లేదట.

మీ చిన్నప్పుడు మీవాళ్ళు కూడా పనికోసం పోయిన చోట ఎవరినైనా వదిలేసి వచ్చారా? వాళ్ళ పేరు ఈ రాత కింద రాయండి... సుజాత చదువుతుంది, నేను వింటాను.