బండ కడితేనే లేచే ఎద్దు

మా నాన్న చేతిలో బాగైన మోటారు నరసరావుపేట చుట్టుపక్కల ఏదో ఒక బావి దగ్గర ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. దాని మూత మీద బొటనవేలంత ఎర్రమచ్చ కనబడితే ఇక ఎవరినీ అడగక్కర్లేదు, అది మా షాపుదే. గొప్పలు పోతోందని అనుకుంటారేమో, అనుకోండి. ఆ మచ్చ గురించి తగ్గి మాట్లాడటం నావల్ల కాదు.

బస్టాండు వెనక సందులో మాది మోటారు వైండింగ్ షాపు. రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి, ఆరబెట్టాక కూడా నాన్న మోటారును వెంటనే ఇచ్చేసేవాడు కాదు. ముందు ఖాళీగా తిప్పి చెవి పెట్టి వినేవాడు. ఆ తర్వాత పక్కనే ఉన్న కారం మిల్లుకు బెల్టు వేసి మిరపకాయలు పట్టించేవాడు. ఆ ఘాటుకు సందంతా తుమ్ముతుంటే మోటారు మాత్రం గొంతు మారకుండా తిరగాలి. అలా తిరిగితేనే ఎర్రరంగు డబ్బాలో బొటనవేలు ముంచి మూత మీద అద్దేవాడు. వయసులో ఉన్నప్పుడు బండలాగుడు పందాలకు ఎడ్లను తోలిన మనిషి. "ఎద్దునైనా ముందు ఉత్తగా నడిపించి చూడాల. ఆ తర్వాతే బండ కట్టాల" అనేవాడు. మా షాపులో అది శాసనం.

నేను గుంటూరులో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి వచ్చి ఆ షాపులోనే ఒక బల్ల వేసుకున్నాను. ఎనభైల చివరి రోజులవి. రేడియోలూ టీవీలూ బాగుచేసేదాన్ని. ఎంత బాగా చేసినా చివర్లో నాన్న వచ్చి మళ్ళీ చూసి తన వేలే అద్దేవాడు. "ఆడపిల్ల నెత్తిన అంత బరువెందుకులేవయ్యా" అని వచ్చినవాళ్ళు అంటే కాదనేవాడూ కాదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట గెలవడం ఎంత కష్టమో చెప్పలేదు.

మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే మాస్టారు ఆ ఏడే కంప్యూటరు కొన్నారు. నేను చూసిన మొదటి కంప్యూటరు అదే. దాన్ని నేర్చుకోవడానికి వినుకొండ నుంచీ పిడుగురాళ్ల నుంచీ పిల్లలు బస్సెక్కి వచ్చేవారు. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని లోపలికి పోవాలి. అంత మర్యాద చేసిన యంత్రానికి మా కరెంటు మాత్రం ఏ మర్యాదా చేయలేదు. ఒక వేసవి పొద్దున పోయి, వస్తూ వస్తూ దాని పవర్ సప్లైను కాల్చేసింది. కరెంటును మార్చి లోపలి భాగాలన్నిటికీ అందించే రేకుడబ్బా అది. మాస్టారు దాన్ని తువ్వాలులో చుట్టుకుని మా షాపుకు తెచ్చారు.

"అమ్మాయ్, నీవల్ల అవుద్దా చెప్పు. లేకపోతే హైదరాబాద్ పంపిస్తా. బాగైందని నువ్వనడం, నేను పెట్టడం, లోపల బోర్డు గానీ కాలిందా, ఇన్‌స్టిట్యూట్ మూసుకోవాల్సిందే" అన్నారు.

"అవుద్ది మాస్టారూ" అన్నాను, నాన్న నోరు తెరిచేలోపే.

మూత విప్పి చూస్తే లోపల ట్రాన్సిస్టర్లు పేలిపోయి ఉన్నాయి. మర్నాడు గుంటూరు వెళ్ళి కొత్తవి తెచ్చి వేశాను. ఫ్యూజూ మార్చాను. కబురందుకుని వచ్చిన మాస్టారు కుర్చీలో కూర్చున్నారు, నాన్న నా వెనక నిలబడ్డాడు. మా షాపు అలవాటు ప్రకారం ముందు ఖాళీగా ఆన్ చేశాను. టిక్, టిక్, టిక్. అంతే. దాని ఫ్యాను తిరగలేదు, మీటరు ముల్లు కదిలీ కదలనట్టు కదిలి పడిపోయింది.

"పోయింది" అన్నాడు నాన్న. "ఖాళీగా తిరగంది బరువేం మోసుద్ది?"

మాస్టారు తువ్వాలు దులుపుకుని లేచారు. ఆ డబ్బా అలా గడప దాటితే నా బల్లకు ఇక రేడియోలే గతి అని నాకు అర్థమైంది. చచ్చినది టిక్కుమనదు కదా అనుకుంటూ మళ్ళీ ఆన్ చేసి, నాన్న మోటారుకు పెట్టినట్టే చెవి పెట్టి విన్నాను. అది లేవబోతోంది, నిలవలేక కూలబడుతోంది. ఎందుకు నిలవలేకపోతోంది? అప్పుడు తట్టింది. ఈ రకం సప్లైకి కాస్త బరువుంటేనే, అంటే కరెంటు తాగేదేదైనా తగిలిస్తేనే నిలకడ. ఖాళీగా ఉంటే తనను తానే ఆపేసుకుంటుంది. నేనూ మా షాపు శాసనాన్నే పట్టుకుని వేలాడాను.

"నాన్నా, ఇది బండ కడితేనే లేచే ఎద్దు. ఉత్తగా నడవదు."

"అట్టాంటి ఎద్దు యాడన్నా ఉంటదా?"

"ఇదిగో, ఈడుంది."

తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మా నాన్న. నేను ఆయన కూతుర్నే. మాస్టారును కూర్చోమని చెప్పి, ఎదురు షెడ్డులో బండ్లు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి పరిగెత్తాను. మాకు ఆయన మామయ్య.

"మామయ్యా, స్కూటరు హెడ్‌లైటు బల్బులు ఇయ్యి. జీపుది కూడా ఒకటి."

"ఏందే, కంప్యూటరుకు హెడ్‌లైట్లు పెడతన్నావా?" అంటూ డబ్బాతో సహా ఆయనే వచ్చాడు.

కంప్యూటరుకు ఐదు వోల్టులు కావాలి, పన్నెండు వోల్టులు కావాలి. అప్పటి స్కూటరు బల్బు ఆరు వోల్టులది, ఐదుకు సరిపెట్టుకోవచ్చు. జీపుది సరిగ్గా పన్నెండు. బల్బులు వెలిగేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ లాగేస్తాయి కాబట్టి, ముందుగా తొలి బరువు కోసం కరెంటు పొయ్యి కాయిల్‌లోంచి చిన్న ముక్క కత్తిరించి ఐదు వోల్టుల తీగకు బిగించి, ఆన్ చేశాను. డబ్బా ఫ్యాను గిర్రున లేచింది. ముల్లు ఐదు దగ్గర నిలబడింది.

స్కూటరు బల్బులు ఒక్కొక్కటే తగిలించాను. జీపు బల్బూ వెలిగింది. ప్రతి బల్బుకూ నాన్న వంగి వింటున్నాడు, గొంతు మారుతుందేమోనని. మారలేదు. అప్పుడు ఎవరూ అడగకుండానే మూలనున్న డిమ్మర్‌స్టాట్ లాక్కొచ్చాడు. కరెంటును ఎక్కువా తక్కువా చేసే గుండ్రటి యంత్రం అది.

"మనూరి కరెంటు సంగతి దీనికి తెలవద్దా?" అని డబ్బాకూ మా షాపు బల్బుకూ కలిపి దాన్నుంచే కరెంటిచ్చి పిడి తిప్పాడు. పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి వేసినప్పుడు ఎలా ఉంటుందో అలా, షాపు బల్బు గుడ్డిదీపమైంది. స్కూటరు బల్బులు మాత్రం ఇందాక ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. నాన్న పెంచాడు, తగ్గించాడు, మళ్ళీ తగ్గించాడు.

"చానా మొండిది" అన్నాడు. మా నాన్న నోట అంతకు మించిన పొగడ్త నేను వినలేదు.

అన్నం వండి వార్చేంత సేపు దాన్ని అలాగే మోయించాం. రేకు వేడెక్కింది గానీ చెయ్యి పెట్టగలిగేంతే. ముల్లు చెక్కు చెదరలేదు. నాన్న ఎర్రరంగు డబ్బా తీశాడు. ఎప్పటిలాగే నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. స్క్రూడ్రైవరుతో మూత లేపిన చప్పుడైంది. ఆ తర్వాత డబ్బా బల్ల మీద జరిగి నా మోచేతికి తగిలింది.

"అద్దు" అన్నాడు.

"నీ వేలు గదా నాన్నా?"

"మోయించింది నువ్వు. నా వేలెందుకు?" అని మాస్టారు వైపు తిరిగాడు. "మా అమ్మాయి చేసింది మాస్టారూ. దిగుల్లేకుండా తీసుకుపోండి."

నేను వేలు ముంచి అద్దాను. ఆనందం అని చెబితే చిన్నమాట. ఆ పూట పల్నాడంతా నాదే అనిపించింది.

సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌లో తెర మీద పచ్చటి అక్షరాలు తేలితే పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను నా బొటనవేలే చూసుకుంటున్నాను. కిరోసిన్ గుడ్డతో రుద్దితే ఇట్టే పోయే రంగు. రుద్దలేదు. ఇంటికొచ్చి చెంచాతో అన్నం తింటుంటే, "చేతికేం రోగమే?" అని అమ్మ కేకలేసింది. నాన్న కంచంలోంచి తల ఎత్తకుండానే, "ఉండనియ్యవే. ఇయ్యాల ఆ రంగు కడుక్కోదులే" అన్నాడు.