పళ్ళు కత్తిరించిన స్టాంపుల ధర

నిన్న పొద్దున కొరియర్ ప్యాకెట్ల మధ్యలో అచ్చమైన స్టాంపు అంటించిన కవరొకటి వచ్చింది. ఈ రోజుల్లో అదే పెద్ద వింత. స్టాంపున్న మూల కత్తిరించి గోరువెచ్చటి నీళ్ళ పళ్ళెంలో వేశాను. కాసేపటికి జిగురు కరిగి, తడి కాగితంతో కలిసిన ఆ తియ్యటి వాసన గదంతా పరుచుకుంది. ముక్కుకి తగలగానే కనకవల్లి గారు గుర్తొచ్చారు.

నరసాపురంలో లేసు అల్లికలు విదేశాలకు పంపే వ్యాపారం ఆవిడది. నా మొదటి ఉద్యోగం ఆవిడ దగ్గరే. దళసరి కళ్ళజోడు, ఎంతటివాళ్ళనైనా ఆటపట్టించే నోరు, ఆ నోటి వెనక బోలెడంత ప్రేమ. నేను ఉత్తరాలు చూసేదాన్ని. నాతోపాటు పనిచేసే వరలక్ష్మి లేసుకి ఆఖరి మెరుగు దిద్దేది, అంటే అల్లిక పూర్తయ్యాక బయటికి పొడుచుకొచ్చిన దారప్పోగుల్ని సన్న కత్తెరతో తీసేసి అంచు సాపు చేసేది. జర్మనీ, ఇటలీ, డెన్మార్క్‌ల నుంచి వచ్చే ఆర్డర్ల కవర్ల మీది స్టాంపులన్నీ కనకవల్లి గారు మా ఇద్దరికీ వదిలేశారు. నేను నానబెట్టి ఊడదీసేదాన్ని. వరలక్ష్మి ఆరబెట్టి, పాత లేసు శాంపిళ్ళ ఆల్బమ్‌లో నల్ల అట్టల మీద అంటించేది. ఆ నలుపు మీద రంగులు చూస్తుంటే మధ్యాహ్నం అన్నం కూడా గుర్తుండేది కాదు మాకు.

అలా కొన్నేళ్ళు గడిచాక వరలక్ష్మి భర్తకి తుని బదిలీ అయింది. మరి ఆల్బమ్ ఎవరిది? అట్టలు విడదీసి చెరిసగం పంచుకోవాలంటే ఇద్దరికీ ప్రాణం ఒప్పలేదు.

"నేను కొనేసుకుంటానండీ. తన వాటా డబ్బు తనకిచ్చేస్తాను" అన్నాను ముందుగా నేనే, ఆత్రం పట్టలేక.

"అదేంటే, నేను మాత్రం కొనుక్కోకూడదా?" అంది వరలక్ష్మి మూతి ముడుచుకుని.

"ముందు దాని ఖరీదెంతో తెలుసుకుని తర్వాత కొట్టుకోండమ్మా" అన్నారు కనకవల్లి గారు.

ఆ ఆదివారమే ముగ్గురం రాజమండ్రి రైలెక్కాం. అక్కడ పాత నాణేలు, స్టాంపులు కొనే కొట్టాయన ఒకడున్నాడని ఆవిడకి తెలుసు. దారి పొడుగునా ఆల్బమ్ ఒకసారి నా ఒళ్ళో, ఒకసారి వరలక్ష్మి ఒళ్ళో. గోదావరి వంతెన ఎక్కేసరికి మా ఊహల్లో అది లక్షలు దాటిపోయింది. కొట్టాయన భూతద్దం పెట్టి మొదటి అట్ట చూశాడు, రెండోది చూశాడు, తలెత్తి మమ్మల్ని చూశాడు.

"వీటి పళ్ళు ఎవరు పీకారండీ?"

స్టాంపు చుట్టూ ఉండే ఆ పళ్ళ అంచు మీదే స్టాంపు విలువంతా ఉంటుందట. వరలక్ష్మి ఎంతో గర్వంగా, "నేనేనండి. అంచులు నీటుగా లేవని అన్నీ సాపు చేశాను" అంది. కనకవల్లి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన పాపం నవ్వలేక, ఏడవలేక, మొత్తానికి కలిపి ఒక ధర చెప్పాడు. మా రానుపోను చార్జీలకి కాస్త ఎక్కువ, అంతే.

వరలక్ష్మి మొహం చిన్నబోయింది. నాకు మాత్రం లోపల పండగే! ఇంత చవగ్గా వచ్చేస్తే ఇంకేం కావాలి? అది నా మొహంలో కనపడిపోయిందేమో, తిరుగు రైల్లో కనకవల్లి గారు మొదలుపెట్టారు.

"మా పుట్టింట్లో పొలం పంచుకున్నప్పుడు గట్టు వేసింది పెద్దన్నయ్య. ముందు కోరుకుంది చిన్నన్నయ్య. ఏ ముక్క తన వాటాకొస్తుందో తెలియదు గనక గట్టు తిన్నగా పడింది. మీరూ అలాగే చెయ్యండి. ముందు ఆశపడింది నువ్వు గనక ఒక వాటాకి ధర నువ్వు చెప్పు. ఆ డబ్బు నీకిచ్చి ఆల్బమ్ తీసుకెళ్ళడమా, నీ దగ్గర ఆ డబ్బు పుచ్చుకుని ఆల్బమ్ వదిలెయ్యడమా అన్నది దానిష్టం."

"ఆయ్, అలాగేనండి" అంది వరలక్ష్మి ఠపీమని. నా పండగ అక్కడితో సరి.

శనివారం దాకా గడువు. ఆ వారమంతా నా తలలో అంకెల తిరనాళ్ళే. కొట్టాయన ధర చెబితే వరలక్ష్మి ఎగరేసుకుపోతుంది. మరీ పెంచితే తను డబ్బే పుచ్చుకుంటుంది, నా జీతమంతా ఊడ్చిపెట్టుకుపోతుంది. ఏ అంకె అనుకున్నా వెంటనే ఇటు నుంచి అటు మారి, వరలక్ష్మి కుర్చీలో కూర్చుని చూసుకోవలసి వచ్చేది. పరాయి కుర్చీలోంచి లోకం ఎలా ఉంటుందో చూడడం నా జీవితంలో అదే మొదటిసారి. భయంగానూ ఉంది, భలే హుషారుగానూ ఉంది.

శనివారం ఆల్బమ్ బల్ల మీద పెట్టారు. "రెండు నెలల జీతం" అన్నాను. పళ్ళు పోయిన స్టాంపులకి అంత ధర ఏ పిచ్చివాడూ పెట్టడు.

వరలక్ష్మి రెప్ప వెయ్యలేదు. "నేను కొంటానండి. చీటీ పాడిన డబ్బుంది. ఆ అంచులన్నీ నా చేతివే కదా, వాటిని వదిలి ఎలా వెళ్తాను?" అంది. అంటూనే డబ్బు నా చేతిలో పెట్టి ఆల్బమ్‌ని గుండెలకి అదుముకుంది. నేను చెప్పిన డబ్బంతా చేతిలో పట్టుకుని నేను వెర్రిదానిలా నిలబడ్డాను.

తను వెళ్ళాక కనకవల్లి గారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"బాధేసిందా?"

"చాలా వేసిందండి."

"దాని మీద కోపమొచ్చిందా?"

వెతుక్కున్నాను. ఎక్కడా లేదు. "లేదండి."

"అయితే ధర సరిగ్గానే చెప్పావమ్మా."

కనకవల్లి గారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నాకూ చిన్న లేసు వ్యాపారముంది. మా అల్లికల ఆడవాళ్ళకి ఒక్కో ముక్కకి కూలి చెప్పేముందు, ఆ రేటుకి నేనే సూది పట్టుకుని కూర్చుంటానా అని చూసుకుంటాను. చాలాసార్లు కూర్చోనని తేలి, అనుకున్న అంకె పెంచుతాను. లాభం తగ్గినందుకు నాకు కాస్త బాధేస్తుంది. వాళ్ళకి నా మీద కోపం మాత్రం రాదు.