ఘాటెక్కిన పెళ్ళి పసుపు

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో లోకాన్ని వణికించిన మహమ్మారి ఉంది, పద్నాలుగు మంది ఉన్న ఉమ్మడి కుటుంబం ఉంది, రెండుసార్లు ఆగిపోయిన పెళ్ళి ఉంది. కన్నీళ్ళు కూడా ఉన్నాయి. పద్నాలుగు మందీ ఒకేసారి కార్చినవి.

నిజం చెప్పాలంటే అంత లేదు. ఇది మా ఇంటి రోలు సంగతి. కావ్యం కోసం కూర్చున్నవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు.

ఆ ఏడాది ఎండలు ముదిరేసరికి నరసరావుపేటలోని మా ఇంట్లో అందరం ఇరుక్కుపోయాం. మామూలు రోజుల్లో సగంమంది లారీల మీదో, క్వారీలోనో, కాలేజీలోనో ఉండేవాళ్ళు. ఇల్లు ఇంత చిన్నదని లాక్‌డౌన్ వచ్చాకే తెలిసింది. బాత్రూం ఒకటే. పొద్దున్నే దాని ముందు బకెట్లు వరసలో నిలబడేవి. మనుషుల మధ్య దూరం పాటించాలని టీవీలో చెప్పారు గానీ బకెట్ల గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

మా బాబాయికి అప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. క్వారీలో టిప్పర్ నడిపేవాడు. ఎనిమిదేళ్ళు వెతగ్గా వెతగ్గా నడికుడిలో సంబంధం కుదిరింది. అమ్మాయికి ఆయన నచ్చాడు. ఆ ఆశ్చర్యం నుంచి మేము తేరుకునేలోపే లాక్‌డౌన్ వచ్చింది, ముహూర్తం రెండుసార్లు వాయిదా పడింది. పెళ్ళికూతురి నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. రైలు ఆలస్యమైతే ఓర్చుకుంటాడేమో గానీ పెళ్ళి విషయంలో అంత ఓపిక లేదు. “మూడోసారి గూడా తప్పితే మేం ఇంకోచోట చూసుకుంటాం బావగారూ, ఏమనుకోమాకండి” అని మా పెదనాన్నకు ఫోన్లో చెప్పేశాడు. ఈ ముహూర్తం పోతే మళ్ళీ శ్రావణం దాకా లేదు. మూడుసార్లు అన్నం పెట్టించుకునే బాబాయి ఆ రోజునుంచి రెండుసార్లకు దిగాడు. ఆయన ప్రేమను కొలవడానికి మా దగ్గర ఉన్న కొలమానం అదొక్కటే.

తాసిల్దారు ఆఫీసులో ఇరవై మందికి అనుమతి ఇచ్చారు. పద్నాలుగు మంది మేమే. ఒకరు పంతులుగారు. “మీవైపు నుంచి ఐదుగురు రండి” అని పెదనాన్న నడికుడికి చెప్పాడు. “పెళ్ళికూతురిని కలుపుకునా?” అని అటునుంచి అడిగారు. పెదనాన్న వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టి, “కలుపుకునే” అన్నాడు.

పెళ్ళికి మూడు రోజుల ముందు పసుపు దంచడం. పెళ్ళిపనులు దానితోనే మొదలవుతాయి. రోట్లో పసుపుకొమ్ములు పోసి ముత్తయిదువలు తలా నాలుగు పోట్లు వెయ్యాలి. వీధివాళ్ళను పిలిచే వీల్లేదు గనక ఇంటి ఆడవాళ్ళే రోకలి పట్టారు. నడికుడివాళ్ళు చూడాలని నాయనమ్మ వీడియో కాల్ పెట్టించింది. ఫోన్ పట్టుకునే పని నాది. రోలు కడిగే పని కూడా నాదే. కారం మర మూసేశారని, ముందురోజు అదే రోట్లో నాయనమ్మ పెళ్ళివంటకు ఎండుమిరపకాయలు దంచించింది.

నాలుగో పోటుకు పెద్దమ్మ దగ్గింది. ఐదో పోటుకు అమ్మ పాట ఆపి తుమ్మింది. ఆరో పోటుకు ఇల్లంతా అందుకుంది. వరండాలో పెదనాన్న, మంచం మీద తాతయ్య, బాత్రూంలో బాబాయి, ఎవరి శ్రుతి వారిది.

ఫోన్లో పెళ్ళికూతురి నాన్న భుజం మీది తువ్వాలు తీసి ముక్కుకూ నోటికీ బిగించి కట్టుకున్నాడు. అరవై కిలోమీటర్ల అవతల, సొంత ఇంట్లో కూర్చుని.

“ఏంది బావగారూ అది?” అన్నాడు తువ్వాల్లోంచి.

“ఏంలేదు బావ...” అని పెదనాన్న మిగతాది దగ్గాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గరికి ఆశా వర్కర్ వచ్చింది. ఎవరికైనా జ్వరం, దగ్గు ఉన్నాయేమోనని రోజూ ఇంటింటికీ తిరిగి రాసుకునేది. మా వెనక వీధే, అమ్మను వదినా అంటుంది. ఆమె రాసిందంటే వీధికి అడ్డంగా కర్రలు కడతారు, మమ్మల్ని క్వారంటైన్‌కు బస్సెక్కిస్తారు, పెళ్ళికూతురు ఇంకో ఇంటికి వెళ్తుంది. ఆమె రెండడుగులు వెనక్కి వేసి పుస్తకం తెరిచింది.

“ఎంతమందికి వదినా?”

“అందరికీ,” అంది నాయనమ్మ. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

“ఎప్పటినుంచి పెద్దమ్మా?” అని నాయనమ్మనే అడిగింది.

“నాలుగో పోటు కాడినుంచి.”

బాబాయి ఒంటినిండా సబ్బు నురగతో, తుండుగుడ్డ చుట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “అక్కా, రాయమాక అక్కా. ఇది పోతే నాకింక ఎవురూ పిల్లనియ్యరు.”

“నువ్వు ముందు ఒళ్ళు కడుక్కో,” అందామె.

నా చేతిలోని ఫోన్లోంచి పెళ్ళికూతురి గొంతు వినబడింది. “ఆ రోట్లో నిన్న ఏం దంచారు?”

“మిరపకాయలు,” అన్నాను.

“కడిగారా?”

“కడిగా.”

“ఎట్టా కడిగారు?”

నేను ఫోన్ బాబాయి వైపు తిప్పాను. నురగను చూసి ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

నాయనమ్మ గుప్పెడు పసుపు తమలపాకులో పెట్టి, గేటు పక్క గోడ మీద ఉంచి, దూరంగా జరిగింది. “నువ్వే చూడమ్మాయ్.” ఆశా వర్కర్ మాస్కు కిందికి లాగి వాసన చూసింది. వరసగా ఏడుసార్లు తుమ్మింది.

“మీ పేరు గూడా రాసుకుంటారా అత్తా?” అని అడిగాను.

“నోరు మూసుకోవే,” అని కళ్ళు తుడుచుకుంది. “సాయంత్రం మళ్ళీ వస్తా. అప్పుడు గూడా దగ్గితే రాస్తా.”

ఆ మధ్యాహ్నమంతా మా ఇంట్లో శొంఠి, తేనె తప్ప వేరే తిండి లేదు. సాయంత్రం ఆమె వచ్చి ఒక్కొక్కరి నుదుటికీ జ్వరం మిషన్ చూపిస్తుంటే పద్నాలుగు మందిమి గ్రూపు ఫొటోకు నిలబడినట్టు ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. పెదనాన్న రంగు వంకాయకు దగ్గరపడింది. ఆమె ‘లేదు’ అని రాసుకుని వీధి మలుపు తిరిగాక, ఆయన గోడ పట్టుకుని పది నిమిషాలు దగ్గాడు. నడికుడిలో తువ్వాలు విప్పారని కబురు వచ్చింది. ఆ పూట బాబాయి మూడోసారి అన్నం పెట్టించుకున్నాడు.

పెళ్ళి పసుపు పారబొయ్యకూడదని నాయనమ్మ పట్టుబట్టింది. దాన్నే బాబాయికి పెళ్ళికొడుకును చేసేటప్పుడు రాశారు. ఫొటోల్లో ఆయన మొహం ఎర్రగా వెలిగిపోతుంటుంది, కళ్ళనిండా నీళ్ళు. చూసినవాళ్ళు ఎంత ప్రేమో అంటారు. మేం కాదనం.

కొత్త పిన్ని మా ఇంటికి వచ్చిన మర్నాడు నన్ను పక్కకు పిలిచి అడిగిన మొదటి మాట: “ఎన్ని బకెట్లు పోశావే?”

“ఒకటి. ఆ రోజు కుళాయి రాలా.”

రోట్లో మిరపకాయలు దంచితే కారం రాతి గంట్లలో ఉండిపోతుంది. రెండు బకెట్ల నీళ్ళతో కడగాలి.