మా ఆవిడ ఎదురొచ్చిన రోజు

మా ఆవిడ విద్యావతికి శకునాల పిచ్చి. భీమవరం వదిలి సిడ్నీ వచ్చి ముప్పయ్యేళ్ళు దాటినా, కెల్లీవిల్‌లో మా ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా సరే, తను ముందే వీధిలోకి పోయి, చేతిలో పాలసీసాతో ఎదురు రావలసిందే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా కారుకు అలాగే ఎదురు నడిచొచ్చేది. "వస్తే వచ్చావు గానీ, రోడ్డు చూసుకుని రావే!" అని కసురుకునేవాణ్ణి. ఇంజనీర్ని కదా, ఇలాంటివంటే నాకు ఒళ్ళుమంట. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆమె మానలేదు.

రిటైరయ్యాక ఇద్దరం వాలంటీర్లుగా చేరాం. ముసలివాళ్ళను వ్యాన్‌లో ఆసుపత్రులకు తీసుకెళ్ళే పని. నేను డ్రైవర్ని, ఆమె తోడు. మా వీధి చివర ఉండే వాల్టర్, ఐరీన్ దంపతులు అలాగే దగ్గరయ్యారు.

వాల్టర్‌కు వందేళ్ళు దగ్గరపడ్డాయి. కెనడా మనిషి. గోధుమ పొలాల మధ్య పెరిగి, సముద్రమే ఎరగని కుర్రాడిగా రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు ఒడ్డున, ముందు ఇనుప తలుపు ర్యాంపులా పడే పడవలోంచి దిగారు. ఆ బీచికి సైన్యం పెట్టిన పేరు జూనో. ఆ పొద్దున అక్కడ దిగింది వేలమంది కెనడా వాళ్ళేననీ, ఎంతోమంది నీళ్ళలోనే కూలిపోయినా మిగిలినవాళ్ళు సాయంత్రానికి చాలా లోపలికి చొచ్చుకుపోయారనీ నేను చదివి తెలుసుకున్నదే. ఆయన నోరు విప్పేవారు కాదు. నిద్రలో మాత్రం కేకలు వేసేవారట. అప్పుడు ఐరీన్ ఆయన చెయ్యి పట్టుకుని, "ఒడ్డుకొచ్చేశావు వాల్టర్, దిగేశావు," అనేదట. ఆ సంగతి ఆవిడే విద్యావతికి చెప్పింది.

పోయిన జూన్‌లో పారమట్టా దగ్గరి ఆసుపత్రిలో ఐరీన్ ఆఖరి ఘడియల్లో ఉంది. వాల్టర్‌ను వెంటనే తీసుకురమ్మని నర్సు ఫోన్ చేసింది. బయట ఒకటే వాన. మా వ్యాన్ సర్వీసుకి వెళ్ళడంతో వేరేది ఇచ్చారు. అందులో ఆయన చక్రాల కుర్చీని వెనక తలుపు వైపు తిప్పి కట్టాలి. ఇంటి దగ్గర ఆయన బయటికి వచ్చేసరికే ర్యాంపు దించి ఉంచాం కాబట్టి మామూలుగానే ఎక్కారు.

ఆసుపత్రి పార్కింగులో తలుపు తెరిచి ఇనుప ర్యాంపు వదిలాను. అది ఆయన కళ్ళెదుటే ధడేలుమని తడి నేల మీద పడింది.

వాల్టర్ తల మోకాళ్ళలోకి దూర్చేశారు. చెయ్యి కుర్చీ బ్రేకును ఉడుంపట్టు పట్టింది. నేను లోపలికెక్కి, బెల్టులు విప్పి, ఎంత బతిమాలినా కదల్లేదు. "ఒడ్డుకొచ్చేశారు వాల్టర్," అని ఐరీన్ మాటే అన్నాను. నా గొంతు ఆయన చెవిన పడలేదు. ఇంతలో ఫోన్ మోగింది. "ఎక్కడున్నారు? ఇంక ఎక్కువసేపు ఉండదు," అంది నర్సు. ఈ మనిషి ఇక్కడే ఉండిపోతే అక్కడ ఆవిడ ఒంటరిగా పోతుంది.

అప్పుడు చూద్దును కదా, మా ఆవిడ! పార్కింగు ఆ చివరికి పోయి, గొడుగు ముడిచి, వానలో తడుస్తూ తిన్నగా ర్యాంపుకేసి నడిచొస్తోంది.

"విద్యా, పక్కకి రా! ఇప్పుడా నీ శకునాలు?"

"మీరుండండి బాబూ! పెద్దాయన వైఫ్ దగ్గరికి వెళ్తున్నారు, ఎదురు రావద్దూ?"

వాల్టర్ తలెత్తి ఆమెను చూశారు.

"ఎదురుగా నిలబడకు! పడుకో! కిందికి పడుకో!" అని అరిచారు.

వాన హోరులో మాటలు తెలియక, పిలుస్తున్నారనుకుని ఆమె ఇంకా గబగబా వచ్చింది. ఆయన బ్రేకు వదిలేశారు. కుర్చీ జారింది. నేను వెనక పట్టుకున్నాను గానీ తడికి కాళ్ళు నిలవక ఆ ఊపుకి నేనూ దాంతోపాటే కిందికొచ్చాను. ఆయన విద్యావతి చెయ్యి దొరకబుచ్చుకుని కిందికి లాగారు. ఆమె మోకాళ్ళ మీద పడింది. ఆమె తల మీదికి వంగి, రెండు చేతులూ కప్పి, అలాగే ఉండిపోయారు.



"ఆ పొద్దున జూనోలో నా ముందున్నవాడు పడిపోయాడు," అన్నారు, చేతులు తియ్యకుండానే. "దెబ్బ తగిలినవాళ్ళ కోసం ఆగొద్దని ఆర్డరు. వాడు నా కాలు పట్టుకున్నాడు. విదిలించుకుని వెళ్ళిపోయాను."

విద్యావతి కళ్ళు తుడుచుకుని, ఆయన చేతులు పట్టుకుంది. "ఇప్పుడు ఆగారు కదా అంకుల్. దిగేశారు కూడా. పదండి, ఆంటీ వెయిట్ చేస్తున్నారు."

ఆయన వెనక్కి తిరిగి వ్యాన్‌ను చూసుకున్నారు. తరవాత మమ్మల్ని తొందరపెట్టారు.

ఐరీన్ ఇంకా ఉంది. ఊపిరి అందక, బెదిరిన కళ్ళతో, దుప్పటి మీద దేనికోసమో చేత్తో తడుముకుంటోంది. నాకు దుఃఖం ఆగలేదు. మా ఆవిడ మోకాళ్ళ నుంచి రక్తం కారుతోంది, ఆమెకది పట్టనేలేదు. కుర్చీని మంచానికి ఆనించింది.

వాల్టర్ ఐరీన్ చెయ్యి పట్టుకున్నారు.

"భయపడకు ఐరీన్," అన్నారు. "ఒడ్డుకొచ్చేశావు. ఇక దిగు."