అత్తమ్మ రేగడికి పర్మిట్

మా అత్తమ్మ ఊళ్లో తన రేగడి చేను అమ్మి, ఆ డబ్బుతో తార్నాకలో మాకు ఇంటిస్థలం కొనిపెట్టింది. మా ఆయన యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు, నేను క్యాంపస్‌లోనే ఆడపిల్లల హాస్టల్ ఆఫీసులో పనిచేసేదాన్ని. ఎన్నాళ్లని సీతాఫల్‌మండిలో అద్దెకుంటారని ఆమె పోరు. అమ్మిన రోజు కంటతడి పెట్టలేదు మహాతల్లి. కానీ తర్వాత మబ్బు పడితే చాలు, ఆరేసిన బట్టల కోసం నేను పరుగెడుతుంటే గుమ్మంలో నిలబడి, "ఎవని చేన్ల పడుతున్నదో వాన" అనేది. బాధ నిజమే, కాదనను. అయినా ఒక చెయ్యి వేయొచ్చు కదా అని నాకు ఒళ్లు మండేది.

పునాదులు తవ్వితే కింద అంతా నల్లరేగడే. అత్తమ్మ ముఖం వెలిగిపోయింది, మేస్త్రీ ముఖం మాడిపోయింది.

"వానకు ఉబ్బుతది, ఎండకు నెర్రెలిస్తది. గీ మన్ను మీద గోడ నిలవది సారూ. అంత తీసేసి మొరం నింపాలె" అన్నాడు.

స్థలంలోంచి మట్టి తోలాలన్నా, బయటినుంచి తెచ్చి పోయాలన్నా మునిసిపాలిటీ పర్మిట్ కావాలి. మా ఆయన కాళ్లరిగేలా తిరిగి వానలకు ముందే సంపాదించారు. అంతటితో ఊరుకున్నారా? ఆ సాయంత్రం దాన్ని గొప్పగా చదివి వినిపించారు. "పనికిరాని మట్టి. వారాసిగూడ వైపు గుంటలో పారబోయుటకు."

అత్తమ్మ ఒంటికాలి మీద లేచింది. "రేగడిని పనికిరాని మన్నని రాసినవార?"

"గది రివాజమ్మా. అందరు గట్లనే రాస్తరు."

"నిన్ను సాకింది గా మన్నే! నీ చదువు గంగల గలువ!"

తెల్లారి బండ్లు వచ్చేసరికి ఆమె మట్టికుప్ప ఎక్కి కూర్చుంది. బండ్లవాళ్లు బీడీలు ముట్టించారు, మేస్త్రీ ఆకాశం వంక చూస్తున్నాడు, మా ఆయన బతిమాలుతున్నారు. నా ఓపిక నశించింది.

"ఇల్లు గావాల్నా, మన్ను గావాల్నా అత్తమ్మా?" అని గట్టిగానే అడిగాను.

"ఇల్లే గావాలె బిడ్డా. కని గుంటల పారబొయ్యకుండ్రి. ఏదన్న మొలిచేకాడ పొయ్యుండ్రి. నేను అడ్డం రాను" అంది. ఆమె ఒకరిని బతిమాలడం అదే మొదటిసారి చూశాను. నా కోపం ఎటు పోయిందో! ఏడుపొచ్చినంత పనైంది.

మా హాస్టల్ ముందు అంతా రాళ్లూ గరుసూ. ఏ మొక్క నాటినా ఎండిపోయేది. తోటల ఇన్‌చార్జి రోజూ తిట్టుకునేవాడు. తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లాను. రేగడి మాట వినగానే ఎగిరి గంతేసినంత పని చేసి, ఎన్ని బండ్లయినా తోలుకోమని కాగితం రాసిచ్చాడు. అది పట్టుకుని పర్మిట్ మార్పించడానికి మునిసిపాలిటీకి పోతే గుమాస్తా తల గోక్కున్నాడు.

"మంచి మన్నే అయితె ఎందుకు తీసేస్తున్నరమ్మా? గట్లాంటి దరఖాస్తు నేనెన్నడు సూడలె."

"మా అత్తమ్మ చెప్తది. కుప్ప మీద కూసొని ఉన్నది, తోలుకొస్త, జర ఆగుండ్రి" అన్నాను.

లోపలున్న ఓవర్‌సీర్ పకపకా నవ్వి, గుంటను కొట్టేసి క్యాంపస్ అని రాసి ముద్ర వేశాడు. 'పనికిరాని' అన్న మాట కూడా కొట్టేయించాకే అక్కడినుంచి కదిలాను.

మొదటి బండి వెనకాలే అత్తమ్మ హాస్టల్ దాకా నడిచింది. ఇన్‌చార్జి గులాబీలు పెట్టుకుంటానన్నాడు. పెట్టుకో నాయినా అంటూనే, తొలి వాన పడగానే కంచె పొడుగునా కందులు విత్తింది. ఆయన తన గులాబీలను కాస్త ఇవతలికి జరుపుకున్నాడు.

చలికాలంలో గృహప్రవేశం చేశాం. ఊరినుంచి చుట్టాలొచ్చారు. అత్తమ్మ చెల్లెలు గదులన్నీ కలియతిరిగి, "గంత చేను అమ్ముకొని గీ నాలుగు గోడలు కట్టుకున్నవా అక్కా?" అంది. నాకు చురుక్కుమంది. అత్తమ్మ మాత్రం, "నడువుండ్రి" అని అందరినీ వెంటబెట్టుకుని క్యాంపస్‌కు బయల్దేరింది.

కంచె నిండా కంది కాయలు. హాస్టల్ పిల్లలు ఒళ్లో నింపుకుని ఒలుచుకు తింటున్నారు. మమ్మల్ని చూసి బిక్కచచ్చిపోయారు.

"తినుండ్రి బిడ్డా. లేతయి మాత్రం తెంపకుండ్రి" అంది అత్తమ్మ. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "చేను ఎవలు అమ్మిండ్రే? గీడికి తెచ్చుకున్న" అంది.