తాతయ్య అడిగిన వేలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ మాట ఏ భాషదో ఎవరూ పట్టించుకునేవారు కాదు. మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న మర్ఖేల్ దగ్గర మా ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగట్లో ఆ రెండింటికీ తోడు ఉర్దూ. మా తాతయ్య అయితే మనిషిని బట్టి, వస్తువును బట్టి భాష మార్చేవాడు. ఎడ్లతో తెలుగు, తహసీల్ ఆఫీసులో మరాఠీ, బస్సు కండక్టరుతో దక్కనీ ఉర్దూ. ఏ వస్తువును ఏ భాషలో బేరం చేసి తెచ్చాడో ఆ వస్తువుకు ఆ భాషలోని పేరే ఆయన నోట స్థిరపడిపోయేది. ఈ అలవాటు ఒక ఏడు మా ఇంటిని ఎంత కలవరపెట్టిందో చెప్పాలని కూర్చున్నాను.

తాతయ్యకు గాలం వేయడం ఇష్టం. పొలం పని తెరిపి ఇచ్చిన రోజుల్లో ఊరి వెనక వాగు దగ్గర, మడుగు కట్టే చోట కూర్చునేవాడు. జెల్లలు పడేవి, అదృష్టం ఉంటే కొర్రమట్ట పడేది. ఆయన గాలపు కర్ర ఆయనే తయారు చేసుకునేవాడు. ఊళ్లో మిగతావాళ్లు దొరికిన కర్రకు దారం చుట్టి నీళ్లలో వేస్తే, తాతయ్య మాత్రం వానలు వెలిశాక దెగ్లూరు వారపు అంగడికి వెళ్లి, వెదురు అమ్మే మేదరి దగ్గర పూటంతా గడిపి ఒక్క కర్ర తెచ్చేవాడు. ఇంకా దారం కట్టని, బెండు పెట్టని ఒట్టి కర్రను వాకిట్లో పట్టుకుని చాలాసేపు చూసేవాడు.

"గాలం ఎవ్వడన్న కడ్తడు బిడ్డా. ఒట్టి కట్టె ఏరుడే అసలు పని" అనేవాడు.

నాకూ ఒక కర్ర కావాలని పోరుపెట్టాను. ఆడపిల్లకు గాలమేమిటని నాయనమ్మ కోప్పడింది. తాతయ్య నవ్వి, ఆమె వినకుండా, ఈసారి వానలు వెలిశాక తెస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. నేను మాత్రం ఎప్పుడు వానలు వెలుస్తాయా అని రోజూ ఆకాశం చూసేదాన్ని.

వానలు వెలవకముందే తాతయ్య పడిపోయాడు. ఒక పొద్దున పశువుల కొట్టంలో కూలబడి ఉంటే మా నాన్న, ఆయన తమ్ముడు మా కాక ఎత్తుకొచ్చి మంచం మీద వేశారు. పక్షవాతం. కుడి చేయి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మూతి ఒక పక్కకు వాలింది. దెగ్లూరు దవాఖానలో కొన్నాళ్లు ఉంచి ఇంటికి తెచ్చారు. ప్రాణానికి భయం లేదన్నారు, మాట సంగతి మాత్రం చెప్పలేమన్నారు. అంత మాటకారి మనిషి నోట్లోంచి ముద్దముద్దగా శబ్దాలు వచ్చేవి. నీళ్లు అడుగుతున్నాడో దుప్పటి అడుగుతున్నాడో తెలిసేది కాదు. మేము తప్పు వస్తువు తెచ్చినప్పుడల్లా ఆయన కళ్లు మూసుకునేవాడు. ఆ కళ్లు మూసుకోవడం చూడలేక నేను వాకిట్లోకి పారిపోయేదాన్ని.

మెల్లగా కొన్ని మాటలు తిరిగి వచ్చాయి. వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక కొత్త మాట మొదలైంది. ఏలు. పొద్దున లేవగానే ఏలు, అన్నం పెడుతుంటే ఏలు. మా వైపు చేతి వేలును ఏలు అనే అంటాం. వేలు నొప్పి పుడుతోందేమోనని నాయనమ్మ ఆముదం వెచ్చచేసి ఒక్కో వేలికీ రాసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. కాలి వేళ్లేమోనని కాళ్లు పట్టింది. మళ్లీ అడ్డంగానే ఊపాడు. గోళ్లు తీసింది, ఉంగరం తీసి చూసింది. చివరికి కుడి చేతి వేలు ఒకదానికి పసుపు గుడ్డ కూడా కట్టింది. ఆయన ఎడమ చేత్తో ఆ చేతిని పైకెత్తి, గుడ్డ కట్టిన వేలు చూసుకుని, ఆమె మొహం చూశాడు.

"ఏం జెయ్యాలె నీ ఏలును? నరికి నీ చేతుల వెట్టనా?" అని కసిరి, కొంగుతో మొహం కప్పుకుంది నాయనమ్మ.

అంతటితో ఆగితే బాగుండేది. ఒక సాయంత్రం ఇంటికి వచ్చిన చుట్టం ఒకాయన, వేలు అంటే వేలిముద్ర ఏమో, పొలం ఎవరి పేరనైనా రాయాలనుకుంటున్నాడేమో అని ఊరికే ఒక మాట అనేసి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. నాన్న, కాక అప్పటిదాకా ఒకే కంచంలో తిన్నంత కలివిడిగా ఉన్నవాళ్లు. మరునాటి నుంచి తాతయ్య మంచం దగ్గర ఒకరుంటే రెండోవారు ఉండేవారు కాదు. ఉన్నా, ఒకరి మాట ఒకరు అనుమానంగా వింటూ నిలబడేవారు.

"ఎవని పేర వెడ్తడట ఏలు?" అని కాక ఒకసారి గోడతో అన్నట్టు అన్నాడు.

"నీకెందుకు గంత పరేషాన్? అడిగినోడివి నువ్వే, సమజ్ చేస్కో నువ్వే" అన్నాడు నాన్న.

ఇద్దరూ మంచానికి చెరో పక్క నిలబడి అన్న మాటలివి. మధ్యలో పడుకున్న తాతయ్యకు వినికిడి బాగానే ఉంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ రాత్రి నుంచి ఏలు అనడం కూడా తగ్గించాడు. అడగడం మానేస్తే మనిషి ఇక లేవడని నాయనమ్మ వంటింట్లో ఏడ్చింది. మా అందరికీ తెలిసింది, ఆ ఒక్క మాట అర్థం చేసుకోకపోతే తాతయ్య మాకు దక్కడని.

ఇక మా చిన్నమ్మ గురించి చెప్పాలి. కాక భార్య. ఆ ఏడే పెళ్లయి లోహా వైపు నుంచి వచ్చింది. పుట్టింట్లో అంతా మరాఠీయే. మా ఇంట్లో తెలుగు నేర్చుకుంటూ మగవాళ్లకు, ఆడవాళ్లకు, గొడ్లకు ఒకటే మాట వాడేది. "బర్రె అచ్చిండు, పాలిచ్చిండు" అంటే మేము పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ నవ్వులకు జడిసి ఆమె పదిమందిలో నోరు విప్పేది కాదు. కొంగు నుదుటి మీదికి లాక్కుని పని చేసుకుపోయేది. తాతయ్య మంచం దగ్గరి చర్చల్లో ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె జావ తెచ్చింది. నేను విసనకర్ర పట్టుకుని కూర్చున్నాను. తాతయ్య నన్ను చూసి, చాలా రోజుల తర్వాత, మళ్లీ ఏలు అన్నాడు. అని, ఎడమ చేతిని లేపి గాలిలో ఒక పొడుగాటి గీత గీసి, మణికట్టు చిన్నగా విదిలించాడు. చిన్నమ్మ చేతిలోని గిన్నె ఆగిపోయింది.

"వేళూ?" అంది మెల్లగా, నాలుక వెనక్కి మడిచి.

తాతయ్య ఆమె వైపు తిరిగాడు. తల నిలువుగా ఊపాడు. మళ్లీ ఊపాడు. కంటి కొసల నుంచి కన్నీళ్లు కారి చెవిలోకి పోతుంటే తుడవాలని కూడా నాకు తోచలేదు.

చిన్నమ్మ కొంగు జారిపోయినా చూసుకోకుండా వంటింటి గడప దగ్గరికి పరుగెత్తింది. "అత్తా! బోట్ నాహీ హో, బోట్ నాహీ! వేళూ! బాంబూ, బాంబూ అడిగిండు!"

మరాఠీలో బోట్ అంటే వేలు. వేళూ అంటే వెదురు. దెగ్లూరు మేదరితో ఏళ్ల తరబడి మరాఠీలో బేరమాడిన తాతయ్యకు వెదురు పేరు వేళూయే. జబ్బు పడ్డాక తిరిగి వచ్చిన కొద్ది మాటల్లో ఆయనకు ఆ వస్తువు ఆ పేరుతోనే వచ్చింది. మొదటి అక్షరం పెదవి దగ్గరే జారిపోయింది, చివరి అక్షరానికి నాలుక మడత పడలేదు. మిగిలింది ఏలు. మేమంతా ఆ మాటను తెలుగులో విని, ఆముదం రాసి, గుడ్డ కట్టి, పొలం దాకా వెళ్లిపోయాం.

మరుసటి అంగడికి కాక బండి కట్టాడు. గడ్డి పరిచి, బొంత వేసి తాతయ్యను పడుకోబెట్టారు. చిన్నమ్మ, నేను ఆయనకు చెరో పక్క. నాన్న కూడా చివరి నిమిషంలో వచ్చి బండి వెనక కూర్చున్నాడు. అన్నదమ్ములు దారంతా మాట్లాడుకోలేదు గాని, గతుకు వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి తాతయ్య తల కింద చేయి పెట్టారు.

మేదరి దూరం నుంచే గుర్తుపట్టి ఎదురొచ్చాడు. "కాయ్ పటేలా! యమునికి సుత గాలమేసి అచ్చినవట గదా! ఎంత బరువున్నడు?" అన్నాడు, మరాఠీలో మొదలుపెట్టి మా కోసం తెలుగులోకి దిగి. తాతయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. జబ్బు పడ్డాక ఆయన నవ్వడం మేము వినడం అదే మొదలు.

కిన్వట్ అడవి నుంచి వచ్చిన వెదురు గోడకు ఆనించి ఉంది. తాతయ్యకు ఏది కావాలో తెలిసినట్టు నేను ఉరికి, అన్నిటికన్నా లావుపాటి, పొడుగాటి కర్రను బండి దగ్గరికి ఈడ్చుకొచ్చాను. ఎంత పెద్ద చేపకైనా విరగనిది తేవాలని నా ఆలోచన. ఆయన దాని మొదలును ఎడమ చేత్తో పట్టుకుని ఊపాలని చూశాడు. అది కదలలేదు. పక్కకు తోశాడు. మేదరి ఒక్కొక్కటే అందించాడు. పచ్చివాసన కొట్టేది వద్దన్నాడు, అది ఎండాక వంకర పోతుంది. మరీ ఎండి గలగలమనేది వద్దన్నాడు, అది చెప్పకుండా విరుగుతుంది. కణుపు పక్కన పురుగు తొలిచిన సన్నని రంధ్రం, దాని కింద తెల్లని పొడి కనబడితే వేలితో చూపించి మేదరిని కళ్లతోనే తిట్టాడు. కంటి దగ్గర పెట్టుకుని పొడుగునా చూశాడు. మాట లేని మనిషి చెబుతున్నాడు, మేము నలుగురం వింటున్నాం.

చివరికి రెండు మిగిలాయి. తాతయ్య సైగ చేస్తే కాక ఒకదాని కొసను బండి పలకకు ఆనించి నొక్కాడు. అది కొస దగ్గరే మడతపడి, తక్కిన కర్ర బిర్రుగా నిలబడింది. రెండోదాన్ని నొక్కితే వంపు కొస దగ్గర మొదలై, నడుము దాకా దిగి, పట్టుకున్న చేతి దాకా నెమ్మదిగా వచ్చింది. వదిలితే చిన్నగా వణికి వెంటనే ఆగింది. తాతయ్య దాన్ని తీసుకున్నాడు. సన్నది, తేలికది. నాకు మనసులో వెలితిగా అనిపించింది. ఇంత సన్నది తాతయ్యకేం సరిపోతుంది?

అప్పుడు ఆయన నా చేయి పట్టుకున్నాడు. నా చూపుడు వేలు చాపించి, దాని మీద ఆ కర్రను అడ్డంగా పెట్టాడు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. ఒకచోట అది ఎటూ వాలకుండా నా వేలి మీద నిలబడింది. అక్కడ గోటితో గీత పెట్టి, నా మరో చేతిని తెచ్చి కర్ర మొదట్లో పట్టించాడు. నా పిడికిలి నిండా సరిపోయింది. బరువే తెలియలేదు. ఆయన కుడి చేతికి కర్రతో ఇక పని లేదని ఆయనకు అందరికన్నా ముందే తెలుసు. అన్ని రోజులు అడిగింది నాకిచ్చిన మాట కోసం.

నా వేలిని తట్టి, "ఏలు" అన్నాడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు ఒక క్షణం. తర్వాత చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆతా బోట్! ఇప్పుడు బోట్ అన్నడు!" అంది. మేదరి పడీపడీ నవ్వాడు. తాతయ్య నవ్వాడు. కాక నవ్వబోయి ఎద్దుల వైపు తిరిగి, చాలాసేపు పలుపు సర్దుతూ ఉండిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి నాన్న తోలాడు.

"మనం పొలం అనుకుంటిమి గదా అన్నా" అన్నాడు కాక, ఊరు దగ్గర పడ్డాక.

"ఊకో ఇగ" అన్నాడు నాన్న.

ఆ కర్రను పిడకల సెగ మీద చూపి చక్కచేసి, ఆముదం రాసి, తాతయ్య చూస్తుండగా చిన్నమ్మా నేనూ దారం కట్టాం. వాగు ఒడ్డున ఆయనను దిండ్లకు ఆనించి కూర్చోబెడితే, బెండు మునిగినప్పుడల్లా నాకన్నా ముందు ఆయన ఎడమ మణికట్టు విదిలించేవాడు. మళ్లీ వానలు వచ్చేసరికి ఆయన లేడు. చిన్నమ్మను చూసి మేము నవ్వడం మాత్రం ఆనాటితో ఆగింది. ఆమె అయితే బర్రెను చివరిదాకా మగవాణ్ణి చేసే మాట్లాడింది.

నేను పెద్దయి పత్రికలో పనికి కుదిరాను. ఎన్నో ఊళ్లు, ఎన్నో నోళ్లు. ఎవరి మాటైనా పిచ్చిగా, అర్థం లేనిదిగా తోచినప్పుడు వెంటనే రాసుకోకుండా, ఈ మనిషి దీన్ని ఏ భాషలో అంటున్నాడని ఆగే అలవాటు నాకు పత్రికాఫీసు నేర్పింది కాదు. ఆ మంచం పక్కన, జావ గిన్నె పట్టుకుని నిలబడిన చిన్నమ్మ నేర్పింది.

ఈమధ్య నాందేడ్‌లో ఒక దుకాణం ముందు ఆగాను. చేపలు పట్టే కర్రలు, నల్లగా నిగనిగలాడుతూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఇంకా ఏదీ బిగించని ఒట్టి కర్రలు కూడా విడిగా అమ్ముతున్నారు, ఇష్టమైనట్టు కట్టుకునేందుకు. ఒకటి తీసి కొస నేలకు ఆనించి నొక్కాను. వంపు మెల్లగా నా చేతిదాకా వచ్చింది. చూపుడు వేలు చాపి అడ్డంగా పెట్టాను.

"బరువు దాని మీదనే రాసుంటది అమ్మా" అన్నాడు దుకాణం అబ్బాయి. "ఎవరికోసం?"

కర్ర వేలి మీద అటూ ఇటూ ఊగుతోంది. ఆనాటి కర్ర చిన్నపిల్ల చేతికి చూసి ఎంచింది, అది ఏనాడో విరిగిపోయింది. ఈ ముడతలు పడ్డ చేతికి చూసి ఎంచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అయినా ఏది చేతిలోకి తీసుకున్నా, కలమైనా, గరిటె అయినా, ముందు ఆ వేలి మీదే పెట్టి చూస్తాను. అది ఎటూ వాలకుండా నిలిచిన క్షణంలో, దాన్ని ఎడమ చేయి ఒకటి మెల్లగా జరుపుతున్నట్టే ఉంటుంది.