ఉప్పునీళ్లు చల్లిన ఆకు

జింకల పార్కులో అందరూ ఆయన్ని మేతతాత అనేవారు. నిజానికి తాత వయసేమీ కాదు, జుట్టే తొందరపడి నెరిసింది. ముప్ఫై ఏళ్లుగా ఆయన పని ఒకటే: ముళ్లచెట్ల కొమ్మలు దోటితో వంచి, కోసి, జింకల ముందు వేయడం. వేసేముందు ఒక ఆకు తను నమిలి చూసేవాడు. "ఇంట్లో కూరకి వంకలు పెడతాడు గానీ, ఆ ఆకుల్ని మాత్రం కిక్కురుమనకుండా నములుతాడు" అని భార్య ఎగతాళి చేసేది.

ఆయన ఊరికే నమిలేవాడు కాదు. జింక ఒకే చెట్టు దగ్గర నిలబడి కడుపు నింపుకోదు. నాలుగు ఆకులు కొరికి పక్క చెట్టుకి పోతుంది. ఎందుకంటే కొరికే కొద్దీ చెట్టు తన ఆకుల్ని వగరెక్కించుకుంటుంది. పారిపోవడానికి పాపం దానికి కాళ్లున్నాయా! కొన్నాళ్లు వదిలేస్తే మళ్లీ దారికొస్తుంది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, నాలుకే చెప్పింది. అందుకే ఏటా ఎండలు ముదరగానే వెనక గేటు తీసి మందను అవతలి చిట్టడవిలోకి తోలేవాడు. అవి తిరిగొచ్చేసరికి లోపలి చెట్లు తేరుకునేవి.

ఆ గేటుకి కొత్త ఆఫీసరు వెల్డింగ్ చేయించాడు. అవతల పెద్ద రోడ్డు పడింది, జింకలు లారీల కింద పడతాయని ఆయన భయం. భయపడటంలో తప్పేమీ లేదు. కానీ కంచె లోపల ఇరవై రెండు జింకలు, అరవై చెట్లు.

ఆ ఎండాకాలం ఆకు నమిలితే తాత నోరు పిడచకట్టుకుపోయింది. జింకలు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. డొక్కలు లోపలికి పోయాయి. గడ్డి లారీ ఇవాళ, రేపు అంటూనే రాలేదు. చూస్తూ ఊరుకోలేక తాత బకెట్లో ఉప్పు కలిపి, ఆ నీళ్లు కొమ్మల మీద చల్లాడు. ఉప్పంటే జింకలకు ప్రాణం. ముందుగా చంటిది వచ్చింది. తల్లి చచ్చిపోతే ఆయనే సీసాతో పాలు పట్టి పెంచిన ఆడజింక అది. దాన్ని చూసి మిగతావీ మూతులు పెట్టాయి.

"ఇవాళ మొత్తం ఊడ్చిపెట్టేశాయే!" అన్నాడు భార్యతో, సంబరంగా.

పన్నెండో రోజు మూడు జింకలు లేవలేదు. పశువుల డాక్టరమ్మ ఒకదాని పొట్ట కోసింది.

"ఆకలితో కాదు తాతా. పొట్ట నిండా ఆకే, చూడు. ఒక్కటీ అరగలేదు. ఇంత వగరు పడితే పొట్ట పనిచేయడం మానేస్తుంది. అయినా ఇలాంటి ఆకుని ఇవి ముట్టవు కదా, ఎలా తిన్నాయి?"

తాత బకెట్ వైపు చూశాడు. దాచాలనిపించలేదు.

"నేనే తినిపించానమ్మా. వగరని తెలుసు. పస్తుకన్నా నయం కదా అనుకున్నా."

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కణ్ణుంచి ఆఫీసరు గదికి పరిగెత్తాడు.

"సార్, ఒక్క వారం గేటు తీయించండి. పగలూ రాత్రీ నేనే కాపలా ఉంటా. ఒక్కదాన్నీ రోడ్డెక్కనివ్వను."

"నా చేతిలో లేదు తాతా. పైకి రాశాను. జవాబు రానీ."

జవాబు రాలేదు. గడ్డి లారీ మాత్రం వచ్చింది, పద్నాలుగు పోయాక. మిగిలినవాటికి అప్పటికే పొట్టలు పాడైపోయాయి, గడ్డి కూడా అరగలేదు. ఒక్కొక్కటే పడిపోతుంటే గుంటలు తవ్వడం కూడా తాత పనే అయింది. చివరిదాకా ఉన్నది చంటిది. గుప్పెడు గడ్డి మూతి దగ్గర పెడితే, అది ఆయన చెయ్యి గనక నోరు తెరిచింది. నమలలేక అలాగే పెట్టుకుంది. తెల్లారి తాత వచ్చేసరికి ఆ గడ్డి దాని నోట్లోనే ఉంది.

వానలు పడ్డాయి. కొరికే నోరు లేక చెట్లు విరగబడి చిగిర్చాయి. ఉద్యోగం ఉంది గనక తాత రోజూ వచ్చి వెళుతున్నాడు. ఒకరోజు అలవాటు కొద్దీ ఒక ఆకు తుంచి నోట్లో వేసుకున్నాడు. వగరు లేదు. లేతగా, తియ్యగా ఉంది. ఉమ్మేయడానికి మనసొప్పలేదు. నమిలి మింగాడు. దోటి చెట్టుకి ఆనించి, అక్కడే కూలబడి, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ఆ పార్కులో బావురుమని ఏడ్చాడు.